ఢిల్లీ చలికి చీరలు పెట్టెలో పెట్టక్కర్లేదు, జాకెట్టు కొలతలు మార్చుకుంటే చాలు

అక్కా అని పిలిచావు కాబట్టి నువ్వు అనే రాస్తున్నాను. మిగతావాళ్లకి కూడా అర్థం కావాలి కాబట్టి నీ సమస్య ముందు రెండు ముక్కల్లో చెప్తాను. నీకు 26 ఏళ్లు, వైజాగ్ ఎంవీపీ కాలనీలో పుట్టి పెరిగావు, డిసెంబర్ రెండో వారంలో ఢిల్లీ పక్కనున్న నోయిడా ఆఫీసులో చేరాలి. వారంలో మూడు రోజులు చీర, మిగతా రోజులు కాటన్ కుర్తీ కట్టే అలవాటు. అందరూ "అక్కడ చీరలు కుదరవు, జీన్సూ పఫర్ జాకెట్టూ కొనుక్కో" అన్నారు. నువ్వు దుకాణంలో ఆ పఫర్, అంటే లోపల దూది కూరి ఉబ్బెత్తుగా ఉండే కోటు, వేసుకుని అద్దంలో చూసుకుంటే అది నువ్వే కాదనిపించి ఇంటికొచ్చి ఏడ్చావు. ఉన్ని తగిలితే దురద. చేతిలో 12 వేలు. వెళ్లేలోపు స్నేహితులతో ఒకసారి మన మన్యంలో చలికి పేరుపడ్డ లంబసింగి వెళ్లొస్తావు.

ఏడుపొచ్చిందని రాయడానికి సిగ్గుపడ్డావు, అందులో సిగ్గుపడేదేమీ లేదమ్మా. కొత్త ఊరు, కొత్త ఉద్యోగం, తెలిసిన మనిషి ఒక్కరూ ఉండరు. అలాంటి చోట మన బట్టలు మనకి ఒక ధైర్యం. మా ఆయన నేవీలో ఉన్నప్పుడు నేను వైజాగ్ నుంచి ఢిల్లీ వెళ్లి నాలుగు చలికాలాలు అక్కడ గడిపాను, మొదటి చలికాలం ఎవరిదో పాత కోటు వేసుకుని తిరిగాను, ఆ ఫొటోలు చూస్తే ఇప్పటికీ బాధగానే ఉంటుంది. తిరిగొచ్చాక 19 ఏళ్లుగా ఇక్కడే ఇంట్లో కుట్టుపని చేస్తున్నాను. ఢిల్లీకి, పుణెకి, కెనడాకి వెళ్లే ఆడపిల్లలకి కుట్టి పంపిస్తున్నాను. కాబట్టి ఇది విని చెప్తున్న మాట కాదు.

చీరలు మానేయకు. మార్చాల్సింది చీర కింద ఉండేవి, జాకెట్టు కొలతలు, కాళ్లకి వేసుకునేవి. అంతే.

ఎందుకో చెప్తాను, ఇది అర్థమైతే మిగతాదంతా నువ్వే తేల్చుకోగలవు. మీ అమ్మమ్మ ఇంట్లో పాత చీరలు మడతలు పెట్టి కుట్టిన బొంత ఉండే ఉంటుంది. ఆ చీరలు ఒక్కొక్కటీ పల్చటి నూలే, విడిగా కప్పుకుంటే ఏ చలీ ఆగదు, కానీ నాలుగైదు మడతలు కలిపి కుడితే వెచ్చగా ఉంటుంది. ఆ వెచ్చదనం మడతల మధ్య చిక్కుకున్న గాలి వల్ల వచ్చింది. బట్ట దానంతట అదేమీ వేడి పుట్టించదు, మన ఒంటి వేడి బయటికి పోకుండా చూసేది ఆ కదలని గాలే. ఉన్ని, పఫర్ జాకెట్టు, రజాయి అన్నీ చేసేది ఇదే పని. అందుకే ఒక లావు కోటు కంటే మూడు పల్చటి పొరలు ఎక్కువ వెచ్చగా ఉంటాయి, మధ్యాహ్నం ఎండొస్తే ఒక పొర తీసేయొచ్చు కూడా. మనవాళ్లు చేసే పెద్ద తప్పు ఎక్కడంటే, పొరలు వేసుకుంటారు కానీ బిగుతుగా వేసుకుంటారు. బిగుతైతే గాలికి చోటుండదు, గాలి లేకపోతే నువ్వు ఎన్ని వేసుకున్నా వణుకే.

ఢిల్లీ చలి ఎంతో కూడా తెలియాలి కదా. మనకి జనవరి తెల్లవారుజామున 17, 18 డిగ్రీలు ఉంటేనే బీచ్ రోడ్డు మీద నడిచేవాళ్లు మంకీ క్యాపులు బీరువాలోంచి బయటికి తీస్తారు. అక్కడ జనవరి రాత్రులు మామూలుగా 7 డిగ్రీల దగ్గర్లో ఉంటాయి, కొన్ని రోజులు 3, 4కి కూడా దిగుతుంది. పగలు ఎండొస్తే 20 దాకా వెళ్లి హాయిగా ఉంటుంది, పొగమంచు పట్టి సూర్యుడు కనపడని రోజున మాత్రం మధ్యాహ్నం కూడా 13, 14 దాటదు. ఇంకో సంగతి ఎవరూ చెప్పరు: పగటిపూట అక్కడి ఇళ్లు బయటకంటే లోపలే చల్లగా ఉంటాయి. పైగా గచ్చు ఐసులా ఉంటుంది. మన "పుష్యమాసం పూస గుచ్చ పొద్దుండదు" అనే మాట అక్కడికెళ్తే నిజంగా తెలుస్తుంది, సాయంత్రం ఐదున్నరకే చీకటి. ఆఫీసుకి బయల్దేరేటప్పుడు చలి, మెట్రోలో జనంతో ఉక్క, ఆఫీసులో వేడి, మళ్లీ బయట చలి. అంటే తీసి వేసుకోవడానికి వీలైన బట్టలు కావాలి, ఒకేసారి ఒంటిని మూసేసేవి కాదు.

ఇప్పుడు జాకెట్టు. నా పని ఇదే కాబట్టి కాస్త ఎక్కువే రాస్తాను.

మన దగ్గర జాకెట్టంటే ఒంటికి అతికినట్టుండాలి, చంక దగ్గర చిన్న ముడత పడినా టైలర్ని తిడతారు. ఆ కొలతతో కుట్టిన జాకెట్టు కింద థర్మల్, అంటే చలికి లోపల వేసుకునే వెచ్చటి బనీను, వేసుకుంటే ఏమవుతుందంటే, చేయి పైకెత్తలేవు, చంకలో కుట్టు ఊడుతుంది, థర్మల్ నలిగి పల్చబడి దాని పని అది చేయదు. కాబట్టి చలికాలపు జాకెట్లు వేరే కొలతతో కుట్టించు. టైలర్ దగ్గరికి వెళ్లేటప్పుడు థర్మల్ వేసుకునే వెళ్లు, దాని మీదే కొలతలు తీయమను. అలా వీలుకాకపోతే నీ మామూలు జాకెట్టు కొలతకి ఛాతీ చుట్టూ ఒకటిన్నర అంగుళం, చేతి చుట్టూ ఒక అంగుళం, చంక చుట్టూ ముప్పావు అంగుళం కలపమను. చూడ్డానికి వదులుగా ఏమీ కనపడదు, లోపల థర్మల్ ఉంటుంది కదా. పొడవు మామూలుగా 14, 15 అంగుళాలు పెడతాం, నువ్వు 21 పెట్టించు, తుంటి దాకా వచ్చి లంగా లోపలికి వెళ్లిపోవాలి. చీరలో చలి దూరే అసలు చోటు నడుమే, అది మూసుకుంటే సగం సమస్య తీరిపోతుంది. మెడ బోట్ నెక్ గానీ నెహ్రూ కాలర్ గానీ పెట్టించు, వెనక లోతు మెడ, తాళ్లు ఈ చలికాలానికి వద్దు. చేతులు మణికట్టు దాకా, చివర మూడు హుక్కులు పెడితే బిగుతుగా లేకుండా అందంగా కూర్చుంటాయి, గాజులు దాని కిందికే వేసుకో, మీద వేసుకుంటే స్వెటర్ పోగులు లాగేస్తాయి. అస్తరు మామూలు కాటన్ బదులు పల్చటి ఫ్లానెల్ వేయించు. పసిపిల్లలకి బట్టలు కుట్టే మెత్తటి నూగు బట్టే అది.

నీ దగ్గర ఇప్పటికే ఉన్న జాకెట్లు పారేయకు. వాటిని తిరగేసి చూడు, మంచి టైలరైతే పక్కల్లో మార్జిన్ వదులుతాడు, అది విప్పితే సరిపోతుంది. మార్జిన్ లేకపోతే చంక కింద అదే రంగు బట్టతో చిన్న ముక్క అతికించొచ్చు, పైట కింద ఎవరికీ కనపడదు. ఇంకా తేలిక దారి, మెడ దాకా ఉండే పల్చటి అల్లిక బనీను, టర్టిల్‌నెక్ అంటారు, దాన్నే జాకెట్టుగా వేసుకుని చీర కట్టుకోవడం. నల్లది ఒకటి, మెరూన్ ఒకటి కొనుక్కుంటే నీ చీరల్లో సగానికి సరిపోతాయి. మంగళగిరి చీరకి నిజాం బోర్డరుంటే నల్ల టర్టిల్‌నెక్ మీద అది ఎంత అందంగా ఉంటుందో కట్టుకున్నాక నువ్వే ఫొటో పెడతావు. ఇది నా అభిప్రాయం అనుకో, కానీ ఢిల్లీలో ఇలా చీర కట్టే ఆడవాళ్లని చాలామందిని చూశాను, ఆఫీసులకి, కాలేజీలకి వెళ్లేవాళ్లే వాళ్లంతా.

కింద థర్మల్ లెగ్గింగ్, దాని మీద నూలు లంగా. శాటిన్ లంగా వద్దు. గాలి పొడిబారిన రోజుల్లో పాలిస్టర్‌కి పాలిస్టర్ రాసుకుంటే చిటపటమని కరెంటు పుడుతుంది, కుచ్చిళ్లు కాళ్లకి అతుక్కుపోతాయి, నడిచినంతసేపూ లాక్కుంటూ ఉండాలి. నూలు లంగా ఒక్కటి మధ్యలో ఉంటే ఆ బాధ దాదాపు ఉండదు. థర్మల్ కొనేటప్పుడు పై మెడ వెడల్పుగా ఉన్నది చూసుకో, లేకపోతే కుర్తీ మెడలోంచి బయటికి కనపడుతుంది. నీ ఒంటి రంగుకి దగ్గరగా ఉన్నదైతే కనపడినా తేడా తెలియదు. ఒంటికి అంటుకుని ఉండాలి కానీ పిండేయకూడదు. ఇలాంటివి మూడు జతలు.

చీరల్లో ఏవి? పొందూరు ఖద్దరు అన్నావు, అది మన శ్రీకాకుళం వాళ్ల గొప్పతనం, వాలుగ చేప దవడ ఎముకతో పత్తిని దువ్వి అంత సన్నటి నూలు వడుకుతారు, ఆ సన్నదనమే దాని విలువ. కానీ అది మన ఉక్కకి చేసిన బట్ట. దాన్ని ఢిల్లీ తీసుకెళ్లు, మార్చి నెలలో కట్టుకో. డిసెంబర్, జనవరికి టస్సర్, మట్కా పట్టు, రా సిల్క్, లేదంటే బాగా మందంగా నేసిన చేనేత నూలు. పట్టు కూడా ఉన్నిలాగే ప్రాణి నుంచి వచ్చిన పోగు, పల్చగా ఉన్నా వెచ్చగా ఉంటుంది. జనవరిలో అక్కడ పెళ్లికి వెళ్లాలంటే మీ అమ్మగారి ధర్మవరం పట్టుచీర తీసుకెళ్లు, అంతకంటే మంచి చలికాలపు బట్ట నీకు దొరకదు. ధర్మవరం పట్టుచీర బరువుకి మే నెల పెళ్లిళ్లలో మనం ఇక్కడ చెమటతో ముద్దైపోతాం కదా, ఆ బరువే అక్కడ వరం. జార్జెట్, షిఫాన్ మాత్రం ఇక్కడే వదిలెయ్. అవి చల్లగా ఉంటాయి, ఒంటికి అతుక్కుంటాయి, హీటర్ పక్కన ప్రమాదం కూడా, దాని గురించి కింద రాస్తాను.

కుర్తీలకీ ఇదే లెక్క. లోపల థర్మల్, మీద కుర్తీ, దాని మీద చేతుల్లేని బొంత కుట్టు జాకెట్టు. ఈ బొంత కుట్టు జాకెట్టు కొనకు, కుట్టించుకో. మీ ఇంట్లో అంచు చిరిగిపోయి కట్టడం మానేసిన మంగళగిరి చీరో కలంకారీ చీరో ఉంటే అందులోనే పైబట్టా అస్తరూ రెండూ వచ్చేస్తాయి. మధ్యలో 100 జీఎస్‌ఎం, అంటే చదరపు మీటరుకి 100 గ్రాములుండే పాలిస్టర్ దూది పొర పెట్టి, రెండు అంగుళాల ఎడంతో నిలువుగా కుట్లు వేయించు. మరీ దగ్గరగా కుడితే దూది నలిగి గాలికి చోటుండదు, పైన చెప్పాను కదా. పఫర్లో నువ్వు నీకు నచ్చకపోవడానికి కారణం కూడా ఆ కుట్లే, అవి అడ్డంగా ఉంటాయి, పొట్టిగా ఉన్న మనిషిని ఇంకా పొట్టిగా, లావుగా చూపిస్తాయి. నిలువు కుట్టు, మోకాలికి జానెడు పైదాకా పొడవు, పక్కల చీలిక. ఐదడుగుల మనిషికి ఇది బాగా నప్పుతుంది. దాని మీద వేడి ఇస్త్రీ మాత్రం పెట్టకు, దూది అణిగిపోతుంది.

రంగుల గురించి నువ్వు రాసిన ముక్క నన్ను బాధపెట్టింది. చామనఛాయ కంటే ముదురు కాబట్టి ముదురు రంగులు వేసుకోకూడదని ఎవరో చెప్పారన్నావు. ఎవరు చెప్పినా అది తప్పు. వంగపండు రంగు, నెమలికంఠం, ఇటుక రంగు, ఆవపిండి పసుపు, బాటిల్ గ్రీన్ ఇవన్నీ ముదురు చాయ మీదే నిండుగా కనిపిస్తాయి, నా దగ్గరికొచ్చే వందమందిలో నేను చూసిన మాట ఇది. ఆ పొగమంచు ఊళ్లో అందరూ నలుపు, బూడిద రంగుల్లో తిరుగుతుంటారు, నువ్వు ఆవపిండి పసుపు శాలువా కప్పుకుని వెళ్లు. కోటు మాత్రం ఒక్కటే కొంటావు కాబట్టి దాని రంగు ఆలోచించి తీసుకో. నీ చీరలన్నీ మంచం మీద పరిచి, ఎక్కువ అంచుల్లో ఏ ముదురు రంగు ఉందో చూడు, మెరూనో, ముదురు ఆకుపచ్చో, నేవీ బ్లూనో, కోటు ఆ రంగులో తీసుకో. అప్పుడు కోటు ప్రతి చీరతోనూ కలుస్తుంది.

కోటు మోకాళ్ల దాకా ఉన్నది, వెనక చీలిక ఉన్నది చూడు. చీలిక లేకపోతే చీరతో మెట్లెక్కలేవు. భుజం కుట్టు నీ భుజం ఎముక దగ్గరే ఉండాలి, కానీ స్వెటర్ వేసుకుని మరీ వేసి చూడు. చేతులు ముందుకి చాచినప్పుడు వీపు దగ్గర పట్టేస్తే ఒక సైజు పెద్దది తీసుకో, పొడవు తగ్గించడం ఏ టైలరైనా చేస్తాడు, వీపు వెడల్పు పెంచడం ఎవరి వల్లా కాదు. పైట లోపలికి పెట్టి కోటు వేసుకో, కొంగు చివర మాత్రం కోటు బయటికి ముందువైపు వేస్తే బాగుంటుంది. స్కూటీ మీద, ఎస్కలేటర్ మీద మాత్రం ఆ కొంగు, చున్నీ, శాలువా మూడూ ముడేసి లోపల దోపుకో, మర్చిపోకు.

ఉన్ని దురద. దీనికి భయపడి ఉన్నే మానేసి అంతా యాక్రిలిక్, అంటే ఉన్నిలా కనిపించే కృత్రిమ పోగు, కొంటారు చాలామంది. దురద పెట్టేది మందపు పోగు, దాని కొనలు చర్మానికి గుచ్చుకుంటాయి. మెరినో అనే జాతి గొర్రెల ఉన్ని, పశ్మీనా పోగులు చాలా సన్నం, వంగిపోతాయి, గుచ్చుకోవు. పశ్మీనా లడఖ్‌లో చాంగ్‌థాంగ్ ఎత్తుల మీద పెరిగే మేకల లోపలి బొచ్చు, అది 12 నుంచి 16 మైక్రాన్ల మందమే, మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు. నీ బడ్జెట్‌లో అసలు పశ్మీనా రాదు, 500 రూపాయలకి పశ్మీనా అని ఎవరైనా అమ్మితే అది చెక్క గుజ్జుతో చేసే విస్కోస్ పోగు అనుకో, అందంగా ఉంటుంది, కొనుక్కో, పశ్మీనా అనుకుని మాత్రం కొనకు. ఉంగరంలోంచి దూర్చి చూపిస్తారు, దానివల్ల ఏమీ తేలదు, పల్చటి పాలిస్టర్ కూడా దూరిపోతుంది. నేను చేసే పరీక్ష చెప్తాను: కొన్నాక కుచ్చులోంచి ఒక పోగు తీసి అగ్గిపుల్లతో కాల్చు. ఉన్ని అయితే వెంట్రుక కాలిన వాసన, నలిపితే పొడైపోయే బూడిద. యాక్రిలిక్, పాలిస్టర్ అయితే కరిగి గట్టి నల్ల పూసలా అవుతుంది. షాతూష్ అని ఎవరైనా గుసగుసగా చూపిస్తే అక్కడి నుంచి వచ్చెయ్, అది చిరు అనే జింకని చంపి తీసే బొచ్చు, మన దేశంలో అమ్మినా కొన్నా నేరం.

నీకు నేను చెప్పేది ఇది: ఒంటికి తగిలే పొర నూలుదో మెరినోదో ఉండనీ, ఉన్ని దాని మీదికి రానీ. మెడ చుట్టూ మాత్రం ఎలాగూ తగులుతుంది కాబట్టి మఫ్లర్ కింద మెత్తటి నూలు స్కార్ఫ్ ఒక చుట్టు. ఇలా చేసి నా దగ్గర కుట్టించుకున్న ఒకమ్మాయి, ఉన్ని పేరు చెబితేనే ఒళ్లు దద్దుర్లు వచ్చేది, మూడు చలికాలాలు గడిపింది.

కాళ్లు. ఇక్కడ డబ్బు మిగల్చకు. చీర కిందికి చెప్పులు వేసుకుని వెళ్తే మిగతా ఒళ్లంతా ఎంత కప్పుకున్నా లాభం లేదు. చీలమండ దాకా వచ్చే బూట్లు తీసుకో, మడమ ఒక అంగుళం ఉంటే చీర అంచు నేలకి తగలదు. బూటు అర సైజు పెద్దది తీసుకో, ఒకే ఒక జత మెరినో ఉన్ని సాక్సులు వేసుకో. రెండు మూడు సాక్సులు కుక్కితే బిగుసుకుపోయి రక్తం ఆడదు, వేళ్లు ఇంకా చల్లబడతాయి. ఇంట్లోకి ఒక మెత్తటి చెప్పుల జత కూడా, ఆ గచ్చు మీద ఉత్తకాళ్లతో నడవలేవు.

లంబసింగి వెళ్తున్నావు కాబట్టి దాన్ని రిహార్సల్ అనుకో. కొర్రబయలు అని కూడా అంటారు ఆ ఊరిని, బయట పడుకున్న మనిషి తెల్లారేసరికి కర్రలా బిగుసుకుపోతాడని ఆ పేరు వచ్చిందని చెప్పుకుంటారు. సుమారు వెయ్యి మీటర్ల ఎత్తు, మంచి చలి రోజున ఢిల్లీ జనవరి రాత్రి లాగే ఉంటుంది. నర్సీపట్నం దాటి ఘాట్ ఎక్కేటప్పుడు బైకు మీదైతే గాలి ఒంటి దగ్గరున్న వెచ్చటి గాలిని లాగేస్తుంది, అప్పుడు స్వెటర్ అల్లికలోంచి చలి సూటిగా దూరుతుంది, కాబట్టి పైన గాలి ఆపే పొర తప్పకుండా ఉండాలి, పాత రెయిన్‌కోటైనా సరే. తెల్లవారుజామున గడ్డిలో నడిస్తే మంచుకి బట్టబూట్లు తడిసి ముద్దవుతాయి. తడిసిన నూలు వెచ్చగా ఉంచదు, ఇంకో జత సాక్సులు సంచిలో పెట్టుకో. అక్కడ నీకు ఎక్కడ చలేసిందో రాసి పెట్టుకో, చెవులా, నడుమా, వేళ్లా, ఢిల్లీలో ఏం కొనాలో దాన్నిబట్టే తేలుతుంది.

హీటర్ సంగతి చెప్తానన్నాను. ఆ ఊళ్లో ఇంట్లో అందరూ రూమ్ హీటర్ ముందు కూర్చుంటారు. సింథటిక్ చీరో చున్నీయో అంటుకుంటే కాలి ఊరుకోదు, కరిగి చర్మానికి అతుక్కుంటుంది. హీటర్‌కి కనీసం మూడు అడుగుల దూరం, కొంగు నడుంలో దోపుకునే ఉండాలి. ఇంట్లోవాళ్లు ఎవరైనా బొగ్గుల కుంపటి, వాళ్లు అంగీఠీ అంటారు, గదిలో పెట్టి తలుపులు వేసుకుందాం అంటే ఒప్పుకోకు. ఆ బొగ్గు నుంచి వచ్చే కార్బన్ మోనాక్సైడ్‌కి వాసన ఉండదు, నిద్రలోనే ప్రాణం పోతుంది, ఉత్తరాదిలో ప్రతి చలికాలం ఇలాంటి చావుల వార్తలు వస్తూనే ఉంటాయి. పీజీలో ఉంటావంటున్నావు కాబట్టి ఇది మరీ మరీ చెప్తున్నాను.

ఉతుకు గురించి నా అనుభవం ఒకటి. నా మొదటి మంచి ఉన్ని కోటు అక్కడ ఒక లాండ్రీకి ఇచ్చాను, వేడినీళ్లలో వేసి తిప్పారో ఏమో, ఎనిమిదేళ్ల పిల్ల కోటులా గట్టిపడి తిరిగొచ్చింది. ఉన్ని పోగు మీద చేప పొలుసుల్లాంటివి ఉంటాయి, వేడికి, రాపిడికి అవి ఒకదాంట్లో ఒకటి చిక్కుకుని బిగుసుకుంటాయి, మళ్లీ విడవవు. స్వెటర్లు నువ్వే చల్లటి నీళ్లలో, షాంపూ లాంటి మెత్తటి సబ్బుతో ఉతుకు, పిండకు, తువ్వాల్లో చుట్టి నొక్కి, నీడలో పరిచి ఆరబెట్టు. తీగ మీద వేలాడదీస్తే సాగిపోతుంది.

సెలవులకి వైజాగ్ వచ్చేటప్పుడు ఉన్నివి ఇక్కడికి తేవద్దు, అక్కడే పెట్టుకో. మన సముద్రపు గాలికి బీరువాలో ఉన్ని బట్టలు ఒక్క వర్షాకాలంలో బూజు వాసనేస్తాయి, కోటు ఇత్తడి గుండీలు పచ్చబడతాయి. తప్పక తెస్తే ఉతికి, నీడలో తడి లేకుండా బాగా ఆరాక, పాత పంచె బట్టలో చుట్టి వేపాకు వేసి పెట్టు. చెమట, తిండి మరకలున్న చోటే పురుగు ముందు పడుతుంది, ఉతక్కుండా దాచకు. నాఫ్తలీన్ ఉండలు వేస్తే బట్టకి తగలకుండా విడిగా కట్టు.

డబ్బు లెక్క. 12 వేలలో వైజాగ్‌లో ఖర్చు పెట్టాల్సింది కుట్టుకూలికి, థర్మల్స్‌కి, ఒక శాలువాకి మాత్రమే. చలికాలం రాగానే మన ఊళ్లో టిబెటన్లు స్వెటర్లు పెట్టి అమ్ముతారు కదా, ప్రయాణానికి ఒకటి అక్కడ తీసుకో. కోటు, బూట్లు అక్కడికెళ్లి కొను, మన దగ్గర ఎంపిక తక్కువ, ధర ఎక్కువ. కాశ్మీరీ గేట్ బస్టాండ్ దగ్గర మొనాస్టరీ మార్కెట్ ఉంది, సరోజినీ నగర్ ఉంది, సరోజినీ నగర్ సోమవారం సెలవు. బేరం ఆడాలి, హిందీ రాకపోయినా వేళ్లతో ఆడొచ్చు, నేనలాగే ఆడాను. దిగిన రోజే మార్కెట్‌కి పరిగెత్తకు, థర్మల్, టర్టిల్‌నెక్, బొంత కుట్టు జాకెట్టు, శాలువాతో మొదటి వారం గడిచిపోతుంది. శివరాత్రికి చలి శివశివా అంటూ పోతుందని మన సామెత, ఢిల్లీలో కూడా దాదాపు అంతే, ఫిబ్రవరి చివరికి కోటు బరువనిపిస్తుంది. రెండున్నర నెలల కోసం నాలుగు కోట్లు కొనకు.

సంక్రాంతి గిరాకీకి డిసెంబర్ నుంచే మా టైలర్లందరికీ చేతి నిండా పని ఉంటుంది, కాబట్టి జాకెట్లు నవంబర్ 20 లోపు ఇచ్చెయ్. ముందు ఒక్కటే కుట్టించి, థర్మల్ మీద వేసుకుని, రెండు చేతులూ పైకెత్తి జడ వేసుకుని చూడు, ఎక్కడా పట్టేయకపోతే అదే కొలతకి మిగతావి ఇవ్వు. పట్టేస్తే ఎక్కడ పట్టేసిందో, నీ ఛాతీ, చేయి, చంక కొలతలు ఎంతో ఇక్కడే రాయి, ఎంత వదలాలో లెక్క చూసి చెప్తాను.